ఆరుబయట బొమ్మ వేయడానికి ఏ రంగులు కొనాలి? మన ఎండకు, మన గాలికి తగ్గ ఎంపిక

నాగావళి గట్టు మీదో, కళింగపట్నం ఇసుకలోనో కూర్చుని ఎదురుగా ఉన్నది ఉన్నట్టు వేయాలన్న కోరిక పుట్టినవాళ్ళు నన్ను మొదట అడిగేది రంగుల గురించే. ఆయిల్ కొనమంటారా, యాక్రిలిక్ కొనమంటారా, వాటర్ కలర్ చాలా అని. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ నెలలో వేస్తారు? ఎంతసేపు కూర్చోగలరు? ఇంటికి బస్సులో వెళ్తారా, బండి మీద వెళ్తారా? ఈ మూడింటికి జవాబు దొరికితే రంగుల పెట్టె సగం తేలిపోయినట్టే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు ఆయిల్ అంటే ప్రాణం. పద్దెనిమిదేళ్ళుగా ఆ రంగుల పెట్టె భుజాన వేసుకునే తిరుగుతున్నాను. మిగతా మూడు రకాలూ, అంటే వాటర్ కలర్, గువాష్, యాక్రిలిక్, ఏళ్ళ తరబడి వాడాను కాబట్టి వాటి మంచి దాచను, ఆయిల్ చెడ్డా దాచను. నా మమకారం ఎటో తెలిసింది కనుక చదివేవాళ్ళు దాన్ని తీసేసి లెక్క వేసుకోవచ్చు.

కొనేముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు వెలుగు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్న మనం భూమధ్యరేఖకు సుమారు 18 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. చలిదేశాల్లోలా సూర్యుడు ఇక్కడ ఏటవాలుగా పాకడు, దాదాపు నిటారుగా లేస్తాడు. మే నెలలో కళింగపట్నంలో ఐదున్నరకు ముందే పొద్దు పొడుస్తుంది. ఏడున్నరయ్యేసరికి పడవల పొడుగు నీడలు గబగబా కురచైపోతాయి. సాయంత్రం కూడా అంతే, బంగారు వెలుగు అలా వచ్చి ఇలా పోతుంది. అంటే ఒక పూటకు మనకు దక్కేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఆ కాస్త సమయంలో రంగు మన చెప్పుచేతల్లో ఉంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

రెండోది గాలీ చెమ్మా. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది గాలి పెరుగుతుంది, ఇసుకను లేపుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో వరి మళ్ళ మీద మంచు కప్పి ఉంటుంది, కాగితం చేత్తో తాకితేనే చెమ్మగా తగులుతుంది. ఒకే జిల్లాలో ఒకే రంగు ఆర్నెల్ల తేడాతో రెండు రకాలుగా నడుచుకుంటుంది.

మూడోది మోత, వేసిన బొమ్మను చెడకుండా ఇంటికి చేర్చడం. నాలుగోది ఇల్లు. ఒకటే గది ఉండి అందులో చంటిపిల్లలు ఉంటే ఆయిల్ రంగును పలచన చేసే టర్పెంటైన్ వాసన తెచ్చి పెట్టకూడదు. ధర గురించి అందరూ ముందు అడుగుతారు గానీ, అది చివర చూసుకోవాల్సిన సంగతి. మంచి రంగులు ఆరు కొనడం, నాసిరకం ఇరవై నాలుగు కొనడం కంటే చవకే పడుతుంది.

వాటర్ కలర్

చిన్న పెట్టె, రెండు బ్రష్‌లు, నీళ్ళ సీసా, ప్యాడ్. చేతిసంచిలో పట్టేస్తుంది. శాలిహుండం కొండ ఎక్కాలంటే ఇంతకంటే సుఖం లేదు. పైన ఇటుక స్తూపాల పక్కన కూర్చుంటే కింద వంశధార పాయలు పాయలుగా కనిపిస్తుంది. ఆ ఇసుక తిన్నెల లేతదనాన్ని కాగితపు తెలుపు పట్టినట్టు మరేదీ పట్టదు. తేలినీలాపురంలో కొంగలు, గూడబాతుల కోసం వెళ్ళినా ఇదే తీసుకెళ్ళండి. పక్షి మనకోసం ఆగదు, నాలుగు గీతల్లో పట్టుకోవాలి.

చిక్కు ఎక్కడంటే ఎండలో. ఏప్రిల్‌లో ఆకాశానికి పలచగా నీలం పూస్తే బ్రష్ కుడి అంచుకు చేరేలోగా ఎడమ పక్క ఆరిపోతుంది, మధ్యలో గీత కట్టేస్తుంది. డిసెంబరు మంచులో దీనికి తిరగబడి, అరగంటైనా తడి ఆరదు. పైగా ఆరాక రంగు తేలిపోతుంది కాబట్టి చూసిన దానికంటే ఒక పట్టు ఎక్కువే వేయాలి, అది అలవాటు మీద వచ్చే అంచనా. తప్పు పడితే దిద్దడం కష్టం. మన తీరంలో కాగితాన్ని దాచడం మరో బాధ: అద్దం లేకుండా బీరువాలో పెడితే రెండు వానాకాలాలకు బూజు మచ్చలు వస్తాయి. కొనేవాళ్ళు 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం కంటే పలచనిది కొనొద్దు.

గువాష్

వాటర్ కలర్‌కే తమ్ముడు, కాకపోతే చిక్కగా ఉండి కింది రంగును కప్పుతుంది. ముదురు మీద లేత వేయొచ్చు, అందుకే నేర్చుకునేవాళ్ళకు ధైర్యం ఇస్తుంది. ఆరాక లేత రంగులు కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త లేతబడతాయి, అందువల్ల పక్కపక్క రంగులు సరిపోల్చుకోవడం మొదట్లో తికమకగా ఉంటుంది. చిన్న బొమ్మలకు, ప్రయాణాల్లో నోట్‌బుక్కులో వేసుకోవడానికి బాగుంటుంది. అంతకు మించి దీని గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు.

యాక్రిలిక్

భావనపాడు తీరంలో ఒక ఏప్రిల్ ఉదయం ఏడు రంగులు పాలెట్ మీద, అంటే రంగులు కలుపుకునే పలక మీద పిండి, పడవ గీత గీసుకుని తల తిప్పాను. పది నిమిషాలు కూడా కాలేదు, రంగుల మీద మీగడలా తోలు కట్టేసింది. బ్రష్‌తో పొడిస్తే కింద మెత్తగా, పైన రబ్బరులా. నీళ్ళు చిమ్మాను, మళ్ళీ కట్టింది. ఆ పూట ఇంటికి తెచ్చింది సగం బొమ్మ, గట్టిపడి పనికిరాకుండా పోయిన రెండు బ్రష్‌లు.

యాక్రిలిక్ నీరు ఆవిరైతే ఆరుతుంది. ఎండ, గాలి రెండూ కలిసి ఆ నీటిని లాగేసుకుంటాయి. తడి స్పాంజి మీద కాగితం పరిచిన మూత పాలెట్, ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం, చిన్న స్ప్రే సీసా, ఈ మూడూ ఉంటే కొంత నయం. అయినా ఆకాశం నుంచి నీటిలోకి రంగు కరిగిపోయేటట్టు అంచులు మెత్తగా కలపడం ఎండలో సాగదు.

ఇదే యాక్రిలిక్ డిసెంబరు ఉదయం విజయనగరం పెద్దచెరువు గట్టు మీద బంగారంలా పనిచేస్తుంది. చల్లదనానికి పాలెట్ తడిగా ఉంటుంది, బయల్దేరే వేళకు బొమ్మ ఆరిపోయి ఉంటుంది. వాసన ఉండదు. హాస్టల్లో ఉండే పిల్లలకు, అద్దె గదిలో ఉండేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. వేసవిలో బయట గీత, నీడల పటం మాత్రం వేసుకుని, రంగు ఇంట్లో పూర్తి చేసుకోండి.

ఆయిల్

ఆయిల్ రంగు ఆరే తీరే వేరు. అందులో ఉన్నది లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. అది ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. దానికి రోజులు కావాలి. కాబట్టి మన ఎండ ఎంత మండినా, ఆ రెండు గంటల్లో పాలెట్ మీది రంగును దోచుకోలేదు. అందరూ ఆయిల్‌కు లోపంగా చెప్పే ఆ ఆలస్యమే మన తీరంలో ఆరుబయట వేసేవాడికి దొరికిన వరం. పిండినప్పుడు ఎలా ఉందో, బొమ్మ ముగిసేటప్పుడూ అలాగే ఉంటుంది. వేసిన రంగే దాదాపుగా ఆరాకా ఉంటుంది.

దీనికి ఒక ఉదాహరణ. వర్షాలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట కూర్చున్నాను. నీళ్ళన్నీ ఒకటే బూడిద నీలంతో వేశాను. వల సర్దుకుంటున్న ఒక ముసలాయన వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపు చూసి, "ఏటి బాబూ, నీరంతా ఒకటే రంగేసీసినావు? ఏటి నీరు వేరు, సంద్రం నీరు వేరు. మద్దెన గీత కనబడతాదా నీకు?" అన్నాడు. తల ఎత్తి చూశాను. నిజమే. ఇటు ఎర్రమట్టి కలిసిన నది నీరు, అటు ఆకుపచ్చని సముద్రం, మధ్యన వంకరటింకరగా ఒక నురగ గీత. ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్న గీత అది, నేను గంట నుంచి చూస్తూ కూడా చూడలేదు.

పాలెట్ నైఫ్, అంటే రంగు కలిపే పలచని కత్తి, తీసి నీటి భాగమంతా ఒక్క లాగులో గీకేశాను. గుడ్డతో తుడిస్తే కింద లేత మరక మిగిలింది. దాని మీదే బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, తెలుపు, కొద్దిగా ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు కలిపి నది వేశాను. అల్ట్రామెరైన్ అనే ముదురు నీలంలో పసుపు చుక్క వేసి సముద్రం వేశాను. రెండూ తడిగా ఉండగానే అంచు మీద పొడి బ్రష్ లాగితే నురగ గీత దానంతటదే వచ్చింది. పది నిమిషాల పని. యాక్రిలిక్ అయితే గట్టిపడిన పొర మీద పొర పడేది, వాటర్ కలర్ అయితే కొత్త కాగితం తీయాల్సిందే. ఆ ముసలాయన మళ్ళీ చూసి "ఇప్పుడు మా రేవే" అని వలకేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చినా పని కొనసాగించొచ్చు, రంగు ఇంకా మెత్తగానే ఉంటుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1890, 91 సంవత్సరాల్లో గడ్డివాములు వేసినప్పుడు వెలుగు మారగానే కాన్వాస్ మార్చేవాడు, అదే వెలుగు తిరిగి వచ్చినప్పుడు ఆ కాన్వాస్ మళ్ళీ తీసేవాడు. సంక్రాంతి వెళ్ళాక మన కళ్ళాల దగ్గర లేచే గడ్డివాములతో ఆ పద్ధతి ప్రయత్నించి చూడండి: రెండు చిన్న చెక్కలు, ఒకటి ఉదయానికి, ఒకటి సాయంత్రానికి, నాలుగు రోజులు వరసగా అదే చోట.

అసలు ఆయిల్‌ను బయటికి తేవడం తేలికైందే ట్యూబ్ వచ్చాక. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు, అవి చిరిగితే అంతే సంగతులు.

ఇక కష్టాలు. పెట్టె, బొమ్మను నిలబెట్టే ఈజిల్, నీళ్ళు, గొడుగు కలిస్తే బరువు బాగా తెలుస్తుంది. ఇసుక గాలి తడి రంగుకు అంటుకుంటుంది, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. సాయంత్రం చెరువుల దగ్గర దోమలు, చిన్న పురుగులు బొమ్మలోని తడి ఆకాశానికి అతుక్కుంటాయి. వాటిని అప్పుడే తీయబోకండి, రంగు చెదురుతుంది. ఆరాక బ్రష్‌తో దులిపితే రాలిపోతాయి. కాన్వాస్ వెనక నుంచి ఎండ పడితే గుడ్డలోంచి వెలుగు వచ్చి రంగులన్నీ తప్పుగా కనిపిస్తాయి. అందుకే నేను బయట కాన్వాస్ మానేసి, ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన పలక) చెక్కకు రెండు వైపులా జెస్సో అనే తెల్లని అడుగు పూత పూసి వాడుతున్నాను. మన చెమ్మకు వంగకుండా ఉండాలంటే వెనక వైపు పూత కూడా కావాలి.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే అవి ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. మన వేసవిలో, మూసిన గదిలో ఇది ఉత్త భయం కాదు. గుడ్డలను విడదీసి తీగ మీద ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన డబ్బాలో వేసి మూత పెట్టండి.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే

| | వాటర్ కలర్ | గువాష్ | యాక్రిలిక్ | ఆయిల్ |
|---|---|---|---|---|
| మే ఎండలో | అంచులు గీత కడతాయి | త్వరగా ఆరుతుంది, నీళ్ళకు మళ్ళీ కరుగుతుంది | పాలెట్ మీదే గట్టిపడుతుంది | మెత్తగానే ఉంటుంది |
| డిసెంబరు మంచులో | ఆరదు | ఆలస్యంగా ఆరుతుంది | హాయిగా సాగుతుంది | చెక్క మీది చెమ్మ తుడిచి మొదలుపెట్టాలి |
| ఆరాక రంగు | తేలిపోతుంది | అటూ ఇటూ మారుతుంది | కాస్త ముదురుతుంది | దాదాపు వేసినట్టే |
| తప్పు పడితే | దిద్దడం కష్టం | పైన వేయొచ్చు | పైన వేయొచ్చు | గీకి మళ్ళీ వేయొచ్చు |
| మోత | చేతిసంచి | చేతిసంచి | ఒక మోస్తరు | ఎక్కువ |
| ఇంటికి తేవడం | సుఖం | సుఖం | సుఖం | తడి బొమ్మ, జాగ్రత్త కావాలి |
| ఇంట్లో వాసన | లేదు | లేదు | దాదాపు లేదు | పలచన చేసే ద్రవాన్ని బట్టి |

ఆయిల్ అనే నిర్ణయించుకుంటే, అందులో ఏది?

మామూలు ఆయిల్, నీళ్ళలో కలిసే ఆయిల్, త్వరగా ఆరే ఆల్కైడ్ అని మూడు దారులున్నాయి. టర్పెంటైన్ పడనివాళ్ళకు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు నీళ్ళలో కలిసేది మంచిది. బ్రష్‌లు సబ్బు నీళ్ళతోనే కడుక్కోవచ్చు. నీళ్ళు ఎక్కువ కలిపితే మాత్రం జిగట పోయి పాలలా అవుతుంది, తక్కువతో సరిపెట్టుకోవాలి. ఆల్కైడ్ సుమారు ఒక రోజులో పట్టుకు వస్తుంది కాబట్టి వారాంతపు ప్రయాణాలకు బాగుంటుంది, కానీ వేసవి ఎండలో సాయంత్రానికే జిగటగా లాగడం మొదలవుతుంది.

నేను చేసేది మధ్యే మార్గం. రంగులు మామూలువే, మొదటి పలచని పొరలో మాత్రం ఆల్కైడ్ ద్రవం చుక్క కలుపుతాను. పైపొరల్లో నూనె వంతు పెంచుతాను. కింద నూనె ఎక్కువ, పైన తక్కువ అయితే పైపొర ముందు ఆరి, కింద ఇంకా కదులుతూ ఉండి, కొన్నాళ్ళకు బీటలిస్తుంది. కిరోసిన్‌తో పలచన చేయడం చాలామంది చూపే చవక దారి. అది జిడ్డు మిగుల్చుతుంది, రంగు పట్టు పోతుంది. దయచేసి వద్దు.

రంగులు ఆరు చాలు: టిటానియం వైట్ పెద్ద ట్యూబ్, అల్ట్రామెరైన్ బ్లూ, లేత పసుపు ఒకటి, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, ఒక ఎరుపు. పచ్చరంగు ట్యూబ్ కొనకండి. వరినారు పచ్చకు అల్ట్రామెరైన్, లేత పసుపు సరిపోతాయి. తాటాకు పచ్చ బూడిద కలిసినట్టుంటుంది, దానికి పసుపు బదులు ఆకర్. జీడితోట ముదురుకు కొంచెం సియెన్నా తోడు చేయాలి. ఈ మూడు పచ్చలూ ఒక వేలు వెడల్పులో పక్కపక్కన వేయగలిగితే కొబ్బరి, జీడి తోటల ఉద్దానం సగం వచ్చేసినట్టే. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి రంగులను పత్రికల ముఖచిత్రాల మీద చూస్తూ పెరిగిన నేల ఇది. రంగు పక్కన రంగు పెట్టడంలో ఉన్న ఆనందం ఇక్కడివాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

తడి చెక్కలు ఇంటికి తెచ్చే చిట్కా: ఒకే కొలత చెక్కలు రెండు తీసుకోండి. సీసా బిరడా కార్కును పలచని బిళ్ళలుగా కోసి నాలుగు మూలల్లో పెట్టండి. రంగు వైపులు ఎదురెదురుగా వచ్చేలా మూసి, రెండు చివర్లా వెడల్పు రబ్బరు బ్యాండ్లు వేయండి. మూలల్లో వేలిగోరంత మచ్చ పడుతుంది, దాన్ని ఇంటికొచ్చాక దిద్దుకోవచ్చు. పలాస నుంచి శ్రీకాకుళం దాకా నిండు బస్సులో నిలబడి తెచ్చిన చెక్కలు కూడా ఇలా చెడకుండా వచ్చాయి.

ఎవరికి ఏది

కాలేజీలో ఉండి, బస్సు మీద తిరుగుతూ, వారానికి ఒక పూట దొరికేవాళ్ళు వాటర్ కలర్‌తోనో గువాష్‌తోనో మొదలుపెట్టండి. బయట ఎలా చూడాలో ముందు కంటికి అలవాటు కావాలి, అది చవక కాగితం మీద కూడా వస్తుంది. ఒకటే గది, చంటిపిల్లలు ఉన్న ఇల్లయితే చలికాలంలో యాక్రిలిక్, లేదా నీళ్ళలో కలిసే ఆయిల్. బండి ఉండి, ఇంట్లో గాలాడే వరండా ఉండి, ఒకే చోటుకు పదిసార్లు వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళు సందేహం లేకుండా ఆయిల్ కొనండి. ఉద్యోగ విరమణ చేసి ఇప్పుడు మొదలుపెడుతున్న పెద్దవాళ్ళకూ నేను ఆయిలే చెబుతాను. అది తొందరపెట్టదు, చెయ్యి వణికినా క్షమిస్తుంది. బరువు ఒక్కటే సమస్య, దానికి చిన్న పెట్టె, అడుగు కంటే చిన్న చెక్కలు.

చోటును బట్టి కూడా మారుతుంది. నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర ఆకాశం నేల మీద పడుకున్నట్టుంటుంది, ఆ మెత్తని అంచులకు ఆయిల్ కావాలి. రామతీర్థం రాతిగుట్టలు పాలెట్ నైఫ్‌కు పుట్టినవి. విజయనగరం కోట దగ్గర, గంటస్తంభం దగ్గర జనం మధ్య నిలబడాలి కనుక చేతిలో పట్టే నోట్‌బుక్, గువాష్ మేలు.

ఆరబెట్టడం

ఇంటికి తెచ్చిన ఆయిల్ బొమ్మను ఎండలో పెట్టకండి, చీకటి బీరువాలోనూ పెట్టకండి. గాలి ఆడే గోడకు, దుమ్ము పడకుండా కాస్త ముందుకు వాల్చి ఆనించండి. మట్టి రంగులు, ముఖ్యంగా అంబర్ అనే ముదురు గోధుమరంగు, ముందు ఆరతాయి. తెలుపు, ముదురు ఎరుపు వెనకబడతాయి. పలచని పొరకు రెండు రోజుల నుంచి పన్నెండు రోజులు పడుతుంది, మన వానాకాలంలో ఇంకాస్త ఎక్కువే. వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి, మందంగా వేస్తే ఏడాది.

మా ఇంట్లో ఉద్దానం కొబ్బరితోట వేసిన చెక్క ఒకటుంది. 2018 వేసవిలో రెండు ఉదయాలు కూర్చుని వేశాను. వార్నిష్ కోసం ఆరు నెలలు ఆగుదామని గోడకు ఆనించి ఉంచాను. అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది, ఆ తోటలో నేను వేసిన చెట్లు ఒక్కటీ నిలవలేదు. తర్వాత ఆ తోట రైతు మా ఇంటికి వచ్చినప్పుడు చెక్క ముందు నిలబడి, ఎడమ పక్క నుంచి ఒక్కొక్క మొదలు మీద వేలు పెట్టి, ఏది ఎవరు నాటిందో చెప్పాడు. మూడో చెట్టు వాళ్ళ తాత నాటినదట. దాని కాండం మీద రంగు మందంగా వేశాను, వేలికి బ్రష్ గీతలు తగులుతాయి. ఆయన వేలు అక్కడ కాసేపు ఆగింది.